అమ్మ రూలు, నా లైసెన్సు

మా అమ్మ నర్సు. బెంగళూరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో సర్జికల్ వార్డుకి ఇన్‌చార్జి సిస్టర్‌గా చాలా ఏళ్ళు చేసింది. ఆమె కింద పనిచేసే నర్సుల్లో సగానికి పైగా మన తెలుగు పిల్లలే. ప్రకాశం, గుంటూరు, కడప జిల్లాల నుంచి వచ్చి మడివాళ పీజీల్లో ఇరుకిరుగ్గా సర్దుకుని ఉండేవాళ్ళు. ఆదివారం వాళ్ళలో చాలామంది మేం వెళ్ళే తెలుగు చర్చికే వచ్చేవాళ్ళు. అందుకని అమ్మకి వార్డు వేరు, చర్చి వేరు అని ఉండేది కాదు. శనివారం డ్యూటీ చార్టు వేసిందంటే ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద దానికి జవాబు చెప్పుకోవాల్సిందే.

ఆ చార్టు వేయడం పెద్ద తలనొప్పి. భోజనాల బల్ల మీద పెద్ద తెల్ల కాగితం పరిచి, పెన్సిలూ రబ్బరూ పట్టుకుని అమ్మ మధ్యాహ్నమంతా కూర్చునేది. ఒకరికి పెళ్ళిచూపులు, ఒకరికి పరీక్ష, ఒకరింట్లో పాలు తాగే బిడ్డ. ఒక గడి మారిస్తే ఆ వరసంతా మార్చాలి. నేను అప్పటికి మహదేవపురలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. అందరూ ఇంటి నుంచే పనిచేస్తున్న రోజులవి. ఎదురుగా కూర్చుని ఆమె అవస్థ చూడలేక, దీనికో చిన్న ప్రోగ్రాం రాసిస్తాను, నీ రూల్స్ ఏమిటో చెప్పు అన్నాను.

అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ ఒక్కొక్కటే చెప్పింది. కొత్తగా చేరినవాళ్ళిద్దర్ని ఒకే షిఫ్టులో పడేయకూడదు. చంటిబిడ్డ తల్లికి ఈవినింగ్ వేయకూడదు. పండగ రోజు డ్యూటీ ఎప్పుడూ ఒకరికే రాకూడదు.

"అన్నిటికన్నా ముఖ్యమైంది రాసుకో. నైట్లు చేసి దిగిన పిల్లకి ఒక రోజు పూర్తిగా ఆఫ్ ఉండాలి. ఆ తర్వాతే మార్నింగ్."

"మనుషులు చాలకపోతే?"

"చాలకపోతే నేను చేస్తా. అది మాత్రం నీ కంప్యూటర్‌కి చెప్పకు."

మిగతా రూల్స్‌ని అవసరాన్ని బట్టి సడలించుకునే వీలు పెట్టాను. ఈ ఒక్కదాన్ని మాత్రం ఎవరూ తీసేయలేకుండా రాశాను. నైట్ దిగిన నర్సుకి ఎవరైనా వెంటనే మార్నింగ్ వేయబోతే, "ఆ పిల్లని నిద్రపోనివ్వండి" అని తెర మీద తెలుగులోనూ కన్నడంలోనూ వస్తుంది. అది అమ్మ మాటే. నైట్ షిఫ్టు గడిలో నెలవంక బొమ్మ పెట్టమంది, పెట్టాను. శనివారం మధ్యాహ్నాలు అమ్మకి ఖాళీ దొరికింది. చాలాకాలానికి ఆమె పగటిపూట పడుకోగా చూశాను.

ఇంకో ఆసుపత్రిలో ఇంకో ఇన్‌చార్జి సిస్టర్‌కి కూడా పనికొస్తుందేమో అనిపించింది. ప్రోగ్రామర్లు తమ కోడ్‌ని నలుగురికీ కనిపించేలా పెట్టుకునే సైట్లో దాన్ని పెట్టాను. అక్కడ పెట్టేటప్పుడు ఏ లైసెన్సు కింద, అంటే ఏ షరతుల మీద ఇస్తున్నావని ఆ సైటు అడుగుతుంది. ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో ఈ లైసెన్సులు స్థూలంగా రెండు రకాలు. మొదటి రకంలో ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. మార్చిన కోడ్ ఎవరికీ చూపించనక్కర్లేదు. రాసినవాళ్ళ పేరున్న నాలుగు లైన్లు మాత్రం ఎక్కడో ఒకచోట ఉంచాలి. రెండో రకంలోనూ అమ్ముకోవచ్చు. కానీ నువ్వు చేసిన మార్పులు కూడా, వాడేవాళ్ళు అడిగితే చూడగలిగేలా, మార్చుకోగలిగేలా ఇచ్చి తీరాలి. నీకు తలుపు తెరిచి ఇచ్చారు కాబట్టి నువ్వు మూసేయడానికి లేదు.

కంపెనీలకి ఈ రెండోది పడదు. మా ఆఫీసులో చేరిన వారంలోనే చెప్తారు, ఫలానా లైసెన్సు కనిపిస్తే ఆ కోడ్ ముట్టుకోవద్దని. మూసి ఉంచినదాన్నే కదా అద్దెకిచ్చి సంపాదించేది. ఇదంతా తెలిసే నేను మొదటి రకం ఎంచుకున్నాను. ఎక్కువమంది వాడాలనుకున్నాను. ఏదైనా కంపెనీ వాడితే నా పేరు నలుగురి నోళ్ళలో నానుతుందన్న ఆశ కూడా ఉంది, లేదని చెప్పను.

కొన్నాళ్ళకి ఆ ఆశ తీరింది. అమ్మ వాళ్ళ ఆసుపత్రిలో కాగితాలన్నీ తీసేసి, డ్యూటీ చార్టు ఫోన్లలోనే చూసుకునేలా కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నారు. బెంగళూరు కంపెనీ ఒకటి చేసింది దాన్ని. మంచానికి ఇంత అని లెక్కగట్టి ఏటా వసూలు చేస్తారు. అమ్మ ఫోన్ తెరిచి చూసి నన్ను కేకేసింది.

"ఇది నీదే కదే? చూడు, నెలవంక."

నాదే. రంగులు మారాయి, పైన వాళ్ళ కంపెనీ గుర్తు వచ్చింది, లోపల నడక మాత్రం నాది. సెట్టింగ్స్‌లో అట్టడుగున, ఎవరూ వెళ్ళని పేజీలో, సన్నటి అక్షరాల్లో నా పేరు కూడా ఉంది. అమ్మకి ఆ పేజీకి ఎలా వెళ్ళాలో నేర్పించాను. ఆ ఆదివారం చర్చి మెట్ల మీద నిలబడి వచ్చిన ప్రతివాళ్ళకీ అది తీసి చూపించింది. "మా అమ్మాయి ఉచితంగా ఇచ్చేసింది, వాళ్ళు అన్ని ఆసుపత్రులకీ ఇస్తున్నారు" అంది. ఉచితంగా కాదమ్మా అని అడ్డుపడబోయి ఊరుకున్నాను.

అమ్మ వార్డులోనే పనిచేసే ఒక సీనియర్ నర్సు ఉంది. నేను అక్కా అని పిలుస్తాను. వాళ్ళ తాతల నాడే బెంగళూరు వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆమె తెలుగులో కన్నడం పాలు నీళ్ళలా కలిసిపోయి ఉంటుంది, ఆడామగా తేడా లేకుండా అందరినీ అప్పా అంటుంది. ఆ రోజు నా భుజం తట్టి, "మంచి పని చేసినావప్పా, మా పిల్లోళ్ళకంతా ఉపయోగం" అంది. కొద్ది వారాలకి అదే మెట్ల మీద నన్ను పక్కకి పిలిచింది.

"ఏమప్పా, నువ్వు చేసిందాంట్లో ఏమో తప్పు ఉండాది. నైట్ దిగిన పిల్లోళ్ళకి తెల్లారితే మళ్ళా మార్నింగ్ వేస్తా ఉండాది అది. మీ అమ్మ వేసేటప్పుడు ఎప్పుడన్నా ఇట్ల అయినాదా?"

"అలా వేయదక్కా. అది కుదరకుండానే రాశాను."

"కుదిరింది కదా. మొన్న ఒక పాప మందుల ట్రాలీ కాడ నిలబడుకునే నిద్రపోయినాది. ఒకరికి ఇవ్వాల్సిన ఇంజెక్షన్ ఇంకొకరికి తీసినాది. నేను చెయ్యి పట్టుకుంటిని కాబట్టి సరిపోయింది. ఎవుర్ని అడిగినా, కంప్యూటర్ వేసింది, మాకు తెలీదు అంటారు. ఆ కంప్యూటర్ నీదే అని మీ అమ్మ అందరికీ చెప్పినాది కదా, అందుకని నిన్ను అడుగుతా ఉండా."

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగా మరమ్మతు చేస్తాననుకుని అడుగుతోంది. చుట్టూ ఉన్న ఆడపిల్లలు కళ్ళ కింద నల్లటి చారలతో నావైపే చూస్తున్నారు. చూస్తానక్కా అన్నాను. చూడడానికి నా చేతిలో ఏమీ లేదు. వాళ్ళు మార్చిన కోడ్ నేను కూడా చూడలేను.

అమ్మని అడిగితే అప్పుడు చెప్పింది. చార్టు వేసే పని ఇన్‌చార్జి సిస్టర్ల చేతిలోంచి తీసేసి నర్సింగ్ ఆఫీసుకి ఇచ్చారట. వార్డుకి వచ్చేసరికే అంతా నిండి వస్తుందట. ఒకట్రెండు సార్లు అమ్మే తన ఆఫ్ వదులుకుని వెళ్ళిందని కూడా అప్పుడే తెలిసింది.

ఆ కంపెనీ మా ఆఫీసుకి దగ్గర్లోనే ఉంది. ఒక మధ్యాహ్నం వెళ్ళాను. వాళ్ళ ప్రొడక్ట్ చూసే మేనేజరు వరంగల్ వైపు కుర్రాడు. నా పేరు వినగానే లేచి నిలబడి, తనే వెళ్ళి కాఫీ తెచ్చాడు.

"మేడమ్, మీ బేస్ కోడ్ లేకపోతే మా ప్రొడక్టే లేదు. కొత్తగ చేరినోళ్ళందరికీ చెప్తుంటా నేను."

"దీన్నే ఎందుకు తీసుకున్నారు?"

"నిజం చెప్పాల్నంటే, ఇంకో ప్రాజెక్ట్ కూడా ఉండె. దాంట్ల ఫీచర్స్ మీదానికన్న ఎక్కువనే. కానీ దాని లైసెన్స్ తోని ప్రాబ్లమ్. అది పెట్టుకుంటే మా కోడ్ మొత్తం ఓపెన్ చెయ్యాలె. ఇన్వెస్టర్లు ఒప్పుకోరు కదా. మీది చూసి మా లీగల్ టీమ్ చాలా ఖుషీ అయింది."

నా పని బాగుందని ఎంచుకున్నారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాను. నైట్ తర్వాత ఆఫ్ ఇచ్చే రూలు ఎందుకు తీసేశారని అడిగాను.

"తీసెయ్యలేదు మేడమ్. ఆప్షన్ చేసినం అంతే. ఆన్ చేసుకుంటరా, ఆఫ్ చేసుకుంటరా, అది కస్టమర్ ఇష్టం. స్టాఫ్ తక్కువున్న హాస్పిటల్స్ అడిగినయి."

"అది ఆఫ్‌లో ఉందని నర్సులకి తెలుస్తుందా?"

"వాళ్ళకెందుకు తెలవాలె?"

వెటకారం కాదు. అర్థం కాకే అడిగాడు. కొనేది ఆసుపత్రి, వాడేది నర్సులు. అతనికి కస్టమరంటే మొదటివాళ్ళే. రూలుని మళ్ళీ ముందులా పెట్టమని అడిగాను. లైసెన్సు మీరే ఇచ్చిండ్రు కదా మేడమ్, మేం ఒక్క షరతు కూడా తప్పలేదు అని ఎంతో మర్యాదగా చెప్పాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. లేచి వస్తుంటే, త్వరలో తమ కస్టమర్లందరికీ ఒక హోటల్లో సభ పెడుతున్నామని, నన్ను సన్మానించుకుంటామని, తప్పకుండా రావాలని అన్నాడు. దానం చేసిన గిన్నె వెనక్కి అడగడానికి వెళ్ళి పట్టుబడినట్టు సిగ్గుపడుతూ బయటికి వచ్చాను.

సన్మానానికి వెళ్ళనన్నాను. అమ్మ వెళ్ళమంది.

"మా ఆసుపత్రి పెద్దలు కూడా వస్తారట. మైకు ఇస్తారు కదా, అప్పుడు చెప్పు. నేను చెప్తే ముసలమ్మ చాదస్తం అంటారు. నువ్వు రాసినదానివి."

అమ్మని కూడా ఆసుపత్రి తరఫున పిలిచారు. ఆదివారం కట్టుకునే లేత నీలం చీర కట్టుకుని వెనక వరసలో కూర్చుంది. నాకు శాలువా కప్పారు, గాజు జ్ఞాపిక ఇచ్చారు. మైకు చేతికొచ్చాక చెప్పేశాను. ఈ ప్రోగ్రాం ఒక ఇన్‌చార్జి సిస్టర్ చెప్పిన రూల్స్ మీద కట్టిందని, నైట్ తర్వాత ఆఫ్ అన్న రూలు లేకపోతే ఇది నేను రాసిన ప్రోగ్రాం కాదని, కొన్ని ఆసుపత్రుల్లో దాన్ని ఆపేశారని, నర్సులు నిలబడే నిద్రపోతున్నారని, దయచేసి దాన్ని ఎవరూ ఆపలేకుండా చేయమని. అప్పుడు ఆ మేనేజరు పక్కనుంచి ఇంకో మైకు తీసుకుని, నవ్వుతూ ఇంగ్లీషులో అన్నాడు, ఓపెన్ సోర్స్ గొప్పతనం ఇదే, ఇందులో ఫీడ్‌బ్యాక్ కూడా ఉచితంగా దొరుకుతుందని. అందరూ హాయిగా నవ్వేశారు. చప్పట్లు కొట్టారు. శాలువాతో మెట్లు దిగుతుంటే ఆ చప్పట్లు నాకే అనుకుని ఎవరో చెయ్యి కలిపారు.

మర్నాడే నర్సింగ్ సూపరింటెండెంట్ అమ్మని పిలిపించింది. నీ కూతురు నలుగురిలో మన ఆసుపత్రి పరువు తీసింది, ఆమెకి వార్డు సంగతులు ఎవరు చెప్పారు అని అడిగింది. నేనే చెప్పాను అంది అమ్మ. ఆ నెలలోనే అమ్మని సర్జికల్ వార్డు నుంచి తీసి, కొత్త నర్సులకి శిక్షణ ఇచ్చే విభాగంలో వేశారు. జీతం తగ్గించలేదు, ఇది గౌరవమే అన్నారు. కింది అంతస్తులో కిటికీ లేని గది అది. మొదట్లో భోజనం వేళ మెట్లెక్కి వార్డు దాకా వెళ్ళి ఆ పిల్లల్ని చూసి వచ్చేది. కొత్తగా వచ్చిన ఇన్‌చార్జికి ఇబ్బందిగా ఉందని తెలిసి మానేసింది.

నేను క్షమించమని అడగబోతే చేత్తో ఆపింది.

"చెప్పమన్నది నేను. చెప్పింది నువ్వు. ఇంక దాన్ని తవ్వకు."

కోపమంతా తెచ్చి లైసెన్సు మీద చూపించాను. నా ప్రోగ్రాం కొత్త వెర్షన్‌కి రెండో రకం లైసెన్సు పెట్టాను. దానివల్ల ఆ కంపెనీకి వచ్చిన నష్టం ఏమీ లేదు. ముందు ఇచ్చిన వెర్షన్ ఇచ్చేసినట్టే, దాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు. వాళ్ళు దాని మీదే కట్టుకుంటూ పోతారు. కొత్తదాన్ని దొడ్డబళ్ళాపురం అవతల ఉన్న ఒక చిన్న మిషన్ ఆసుపత్రి తప్ప ఎవరూ తీసుకోలేదు. అక్కడికి వెళ్ళి నేనే ఎక్కించి వచ్చాను. అక్కడి సిస్టర్ ఏ రూలు ఎక్కడుందో చూపించమని అడిగి, చూసి, తృప్తిపడింది. బస్సులో తిరిగి వస్తుంటే కాసేపు బాగానే అనిపించింది.

వానాకాలం వచ్చేసరికి ఆ మేనేజరు నుంచి మెసేజ్ వచ్చింది. మేడమ్, మీ సజెషన్‌ని మేం సీరియస్‌గా తీసుకున్నాం, చూడండి అని. వాళ్ళ కొత్త ప్యాకేజీ అది. సిబ్బంది ఆరోగ్యం పేరుతో అందమైన ఆకుపచ్చ బొమ్మలు వేశారు. నైట్ తర్వాత తప్పనిసరి ఆఫ్ అందులో మొట్టమొదటి సదుపాయం. ఇక దాన్ని ఎవరూ ఆపలేరు. కావాలంటే మామూలు రుసుము మీద అదనంగా కట్టాలి. ముందు పాత ప్యాకేజీలో ఉన్న ఆప్షన్‌ని తీసేశారు, తర్వాత విడిగా అమ్మకానికి పెట్టారు. అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ చెప్పిన మాట అది. దాన్ని వాళ్ళకి గుర్తు చేసింది, శాలువా కప్పుకుని స్టేజీ మీద నిలబడి చెప్పింది నేను. ఇందులోనూ ఏ షరతూ తప్పలేదు.

సభలో మాట పడిందనో ఏమో, అమ్మ వాళ్ళ ఆసుపత్రి ఆ ప్యాకేజీ కొంది. లిఫ్టుల దగ్గర పోస్టర్లు అంటించింది, మా నర్సుల విశ్రాంతి మా బాధ్యత అని. పిల్లలకి ఆఫ్‌లు తిరిగి వచ్చాయి.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయంలో, దేవుడు చేసిన మేలు ఒక్కొక్కరే లేచి చెప్పుకునే వేళ, అక్క లేచి నిలబడింది.

"దేవునికి స్తోత్రం. మా వార్డు పిల్లోళ్ళకి నైట్ అయినాక ఆఫ్ మళ్ళా ఇచ్చినారు. ఈ పాప అంత పెద్దోళ్ళ ముందర నిలబడి అడగబట్టే ఆ కంపెనీవాళ్ళ మనసు మారినాది. వాళ్ళమ్మ మాకోసరం వార్డు పోగొట్టుకున్యాది. ఆ ఇద్దరి కోసరం ప్రార్థన చేయండి."

అందరూ ఆమేన్ అన్నారు. ముందు వరసల్లో పిల్లలు వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వారు. మొహాలు తేటగా ఉన్నాయి, నిద్ర పట్టిన మొహాలు. నేను తల దించుకున్నాను. ప్రార్థనలో ఉన్నాననుకుని పక్కావిడ నా చెయ్యి మెత్తగా పట్టుకుంది.

ఆ పొగడ్త మోయడం నావల్ల కాలేదు. ఆరాధన అయ్యాక అక్కని గేటు దగ్గరికి తీసుకెళ్ళి జరిగింది చెప్పాను. ఎవరి మనసూ మారలేదని, ఆ రూలుని తీసి విడిగా అమ్మారని, ఆసుపత్రి కొనుక్కుందని, నా లైసెన్సు వల్లే అది వాళ్ళకి చెల్లిందని. ఆమె చాలాసేపు విని, మెల్లగా అడిగింది.

"ముందర ఉండిందే కదా? దాన్నే తీసి మళ్ళా అమ్మినారా?"

"అవునక్కా."

"అట్లయితే నేను చర్చిలో లేచి చెప్పింది అబద్ధమా?"

నేను ఊహించని మాట అది. కాదు, నీకు తెలియదు కదా అన్నాను.

"తెలీకపోతే సుమ్నే నోరు మూసుకోని ఉండాల్సింది. మనసు మారినాది అని దేవుని ముందర చెప్తిని కదప్పా." ఆమె పమిట కొంగుతో మొహం తుడుచుకుంది. ఎప్పుడూ లేనిది, నా కళ్ళలోకి చూడలేదు. "పాస్టరయ్యని అడుగుతా. మళ్ళా లేచి సరిగ్గా చెప్పాల్నేమో."

నా సిగ్గు కొంచెం దించుకుందామని వెళ్ళి, ఏ తప్పూ లేని మనిషి నెత్తిన పెట్టి వచ్చాను. ఇంటికి వెళ్ళే బస్సులో అమ్మకి చెప్పాను.

"ఎందుకు చెప్పావే దానికి?"

"అబద్ధపు పొగడ్త తీసుకోలేక."

"తీసుకుని ఊరుకోవాల్సింది. అది కూడా కష్టమే, పడాల్సింది." తర్వాత కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి, "పోనీలే, పిల్లలు నిద్రపోతున్నారు" అంది, తనతో తను అనుకున్నట్టు.

పాస్టరుగారు అక్కని మళ్ళీ లేవనక్కర్లేదన్నారట. ఆమె లేవలేదు. కానీ ఆ తర్వాత సాక్ష్యాల సమయంలో ఆమె మాట్లాడగా నేను వినలేదు. మెట్ల మీద ఎదురుపడితే మాత్రం మునుపటిలాగే ఆగి, తిన్యావా అప్పా అని అడుగుతుంది. తిన్నానక్కా అంటాను. అమ్మ దగ్గరికి వెళ్ళి వార్డు కబుర్లు చెప్తుంది. నేను చెప్పులు వేసుకుంటున్నట్టు వంగి, ఇద్దరూ మాట్లాడుకోవడం అయ్యేదాకా అక్కడే ఉంటాను.